నలభై పంక్తుల మౌనం

ఆ వానాకాలం మొదలవుతూనే మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. కుదిరిందంటే, అమ్మ చెప్పింది, నేను తలూపాను, నాన్న ఏమీ విననట్టు కిటికీలోంచి వాన చూశాడు. సాహిత్యం పేపర్లో నేను అప్పటికి రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే బడి మానేసి అమ్మ పక్కన రెండో మిషను మీద కూర్చోవాలి.

అమ్మ దర్జీ. మా ఇంటి ముందుగదే ఆమె కొట్టు. గది మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల, గోడవారగా రెండు కుట్టుమిషన్లు. రెండో మిషను మీద పనిచేసే ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయి ఆరు నెలలైంది. అప్పట్నుంచి దాని మీద ఇస్త్రీ బట్టలు పేరుకుపోయి ఉండేవి. ఒప్పందం కుదిరిన మర్నాడే అమ్మ ఆ బట్టలన్నీ తీసేసి, దుమ్ము తుడిచి, మిషనుకి నూనె వేసింది. నాకు ఒళ్ళు మండింది. పరీక్ష ఇంకా రాయనే లేదు, అప్పుడే నూనె ఎందుకని అడిగాను. నూనె వేస్తున్నది నీ కోసం కాదు, మిషను కోసం అంది. అమ్మతో వాదనకి దిగితే ఎప్పుడూ అంతే.

ఆమెని తప్పుపట్టడానికేం లేదు. తను ఏడో తరగతి దాకా చదివింది. పద్యం అప్పజెప్పలేక బెంచీ ఎక్కి నిలబడ్డ రోజులు తప్ప ఆ చదువులో ఆమెకి గుర్తున్నది తక్కువ. ఎప్పుడో పోయినవాళ్ళ గొడవలు మనకెందుకు, పనికొచ్చేదేదైనా చెప్పొచ్చుగా అనేది. నిజం చెప్పొద్దూ, నాదీ అదే మాట. లెక్కలూ సైన్సూ ఎలాగో గట్టెక్కేదాన్ని. సాహిత్యం దగ్గరికొచ్చేసరికి గైడులో జవాబులు బట్టీపట్టి, పరీక్ష హాల్లో సగం మర్చిపోయి, మిగతా సగం తలకిందులుగా రాసి వచ్చేదాన్ని.

నాన్న బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత హారన్ కొట్టేవాడో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం ఎవరికీ అడ్డొచ్చే మనిషి కాదు. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్తూ నా మంచం దగ్గర ఆగి, "ఈసారికి కాస్త చదివెయ్ తల్లీ" అని మాత్రం అన్నాడు. అది బతిమాలడమో ధైర్యం చెప్పడమో ఇప్పటికీ తేల్చుకోలేను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సాహిత్యం టీచరు మోకాలికి ఆపరేషను చేయించుకోవడానికి సెలవు పెట్టారు. ఆవిడ బదులు పరీక్షల దాకా పాఠం చెప్పడానికి ఒకాయన వచ్చారు. నిజానికి ఆయన చరిత్ర చదువుకున్న మనిషి. బక్కపలచగా ఉండేవారు. సైకిలు మీద వచ్చేవారు కాబట్టి ప్యాంటు కాలు ఒకటి ఎప్పుడూ తడిసే ఉండేది. ఏ విషయం చెప్పినా "అప్పట్లో..." అని మొదలుపెట్టేవారు. వారం తిరక్కుండానే తరగతంతా ఆయనకి అప్పట్లో సారు అని పేరు పెట్టేసింది.

మొదటి రోజు ఆయన పుస్తకం తెరవలేదు. మా పాఠంలో ఉన్న నాటకం రాసిన రోజుల్లో దీపంలో ఏం పోసేవారో చెప్పమన్నారు. ఎవరికీ తెలియదు. జంతువుల కొవ్వు పోసేవారట, వెలుగు కంటే పొగ ఎక్కువ వచ్చేదట. కిటికీలన్నీ మూయించి, ఒకే ఒక్క చిన్న దీపం వెలిగించి, వెనకబెంచీ అమ్మాయిని ఒక పేజీ చదవమన్నారు. రెండో వాక్యం దగ్గరే ఆ పిల్ల కళ్ళు నులుముకుంది. మూడో అంకంలో రాణి ఉత్తరం చదవడానికి అంతసేపు తీసుకుందెందుకు అని అప్పుడు అడిగారు. ఆమె హృదయం బరువెక్కినందువల్ల అని మేమంతా గైడులో జవాబు ముక్తకంఠంతో అప్పజెప్పాం.

"హృదయం సంగతి తర్వాత చూద్దాం. ముందు దీపం సంగతి చూడండి" అన్నారాయన.

ఇంకోరోజు ఒక పాత ప్రేమపద్యం. ప్రియురాలి దగ్గర్నుంచి జవాబు రాలేదని ఏడాది పొడుగునా ఒకడు కుమిలిపోతుంటాడు. మగపిల్లలు పడీపడీ నవ్వారు. సారు గోడకి పటం తగిలించి, అతని ఊరి నుంచి ప్రియురాలి ఊరికి దారం పట్టి కొలవమన్నారు. గుర్రం రోజుకి ఎంత దూరం నడుస్తుంది, వరదొస్తే పడవ ఎన్ని నెలలు ఆగిపోతుంది, అన్నీ మా చేతే లెక్క కట్టించారు. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి తొమ్మిది నెలలు పడుతుందని తేలింది. పద్యంలో అతను కిటికీ దగ్గర నిలబడి రోజులు ఎందుకు లెక్కపెడుతున్నాడో అప్పుడు నాకు అర్థమైంది. అతనికి ఏడుపు ఒక్కటే కాదు, లెక్క కూడా వచ్చు. సాహిత్యం పీరియడ్లో నేను ఆవలించకుండా కూర్చున్న మొదటి రోజు అది.

ఆ ఏడు కూడా మా పెద్ద పాఠం నాలుగొందల ఏళ్ళ కిందటి ఆ నాటకమే. కథ చిన్నది. ఒక కోట. రాజు యుద్ధంలో చనిపోయాడు. కోటలో రాణి, పదేళ్ళ కొడుకు మిగిలారు. శత్రువు కోటని చుట్టుముట్టాడు. రాజవంశంలో ఒకరిని బందీగా ఇస్తే కోట జోలికి రానంటాడని, పిల్లవాణ్ణే అడుగుతాడని వేగుల ద్వారా ముందురోజే రాణికి తెలుస్తుంది. మర్నాడు పొద్దున్నే రాయబారి రానే వస్తాడు. అతను లోపలికి అడుగుపెట్టగానే రాణి చెలికత్తెతో "సూదీ దారం తీసుకురా" అంటుంది. ఇక అక్కణ్ణుంచి రాయబారి నలభై పంక్తులు మాట్లాడతాడు. బెదిరిస్తాడు, బుజ్జగిస్తాడు, పిల్లవాణ్ణి బాగా చూసుకుంటామని ఒట్లు వేస్తాడు. రాణి నోరు విప్పదు. నలభై పంక్తులూ అయ్యాక "బండి కట్టించు" అంటుంది. కొడుకుని కోటలో వదిలి తనే బందీగా వెళ్ళిపోతుంది.

దీని మీద గైడులో పది మార్కుల జవాబుంది. రాణి భయకంపితురాలై నోట మాట రాక నిలబడిపోయిందట. సూది ఆమె గుండెలో గుచ్చుకున్న వేదనకి సంకేతమట. చివరి క్షణంలో మాతృప్రేమ ఆమెకి ధైర్యాన్నిచ్చిందట. నేను ఆ జవాబుని రెండేళ్ళుగా బట్టీపడుతున్నాను.

సారుకి ఆ జవాబు మింగుడుపడలేదు. సంకేతమైతే మనసులోనే గుచ్చుకోవచ్చుగా, చెలికత్తెని పంపి తెప్పించడం ఎందుకన్నారు. మరి ఎందుకు సార్ అని ఎవరో అడిగితే, "నాకూ తెలియదు" అన్నారు. ఒక మాస్టారి నోట ఆ మాట వినడం మాకు అదే మొదలు. బోర్డు పైమూల "రాణి ఎందుకు భయపడింది?" అని రాసి, ఎవరూ చెరపొద్దన్నారు. లెక్కల మాస్టారు కూడా ఆ మూల వదిలేసి కిందే లెక్కలు చేసుకునేవారు.

ఆ ఘట్టాన్ని తరగతిలో ఆడి చూద్దామన్నారు. రాయబారి వేషం రేడియోకి దక్కింది. వాడు మా తరగతిలోనే చదివేవాడు. నిద్రలో తప్ప నోరు మూయడు కాబట్టి ఆ పేరొచ్చింది. రాణి వేషానికి మాత్రం ఆడపిల్లలెవరూ ముందుకు రాలేదు. అంతసేపు దిష్టిబొమ్మలా నిలబడాలంటే ఎవరికి సరదా? నేను చెయ్యెత్తాను. మొత్తం రెండే మాటలు. నా జ్ఞాపకశక్తికి ఇంతకంటే తగిన వేషం దొరకదు.

రాణి అంగీ కుట్టే పని సహజంగానే అమ్మ నెత్తిన పడింది. అడగడానికి సారే స్వయంగా వానలో మా ఇంటికొచ్చారు. తడిసిన కాలు నేలకి తగలకుండా స్టూలు అంచున కూర్చుని, ఒక లావుపాటి పుస్తకంలో బొమ్మ చూపించారు. నేల దాకా దిగిన అంగీ, మోచేతి నుంచి మణికట్టు దాకా ఒంటికి అతుక్కుపోయినట్టున్న చేతులు. హుక్కులూ గుండీలూ పెట్టకూడదని, ఆ ప్రాంతంలో అప్పటికి అవి వాడుకలో లేవని చెప్పారు. అమ్మ బొమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మోచేతి కిందంతా పెద్ద పెద్ద కుట్లు కనిపిస్తున్నాయి.

"ఈ బొమ్మ గీసినవాడికి కుట్టు రాదు మాస్టారూ. ఇవి కచ్చా కుట్లు. కుట్టి పీకేసేవి. రాణి ఒంటి మీద ఇలాంటివి ఉంటాయా?" అంది.

అవి అలా ఎందుకున్నాయో తనకీ తెలియదని సారు ఒప్పుకున్నారు. అమ్మ నా కొలతలు తీసుకుంది. అది బడి యూనిఫారాల సీజను. కొట్టు నిండా గుట్టలుగా నీలం గుడ్డ. ఆ తొందరలో కూడా అమ్మ రాణి అంగీని పక్కన పడెయ్యలేదు, పైగా పంతం పట్టింది. ఇరవై ఏళ్ళుగా మణికట్టు కొలతకి వదులు కలిపి కత్తిరించే మనిషి, ఈసారి బొమ్మలో ఉన్నట్టే రావాలని వదులు కలపలేదు. బొమ్మలోని వంకర కుట్లు తన చేతి మీదుగా రాకూడదని, ఆ అతుకంతా మిషను మీద ఒక్క పోగు కూడా బయటికి కనబడకుండా మూసేసింది. నాకు తొడిగి చూసే తీరిక కూడా లేకపోయింది.

ఆడి చూసే రోజు అమ్మ తనే అంగీ పట్టుకుని బడికొచ్చింది. తరగతి గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతుంటే సారు వద్దని లోపలికి పిలిచారు. నలభై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. అమ్మ సిగ్గుపడి, మీరు కూర్చోండి నాయనా అంది. యూనిఫారం మీదే నాకు అంగీ తొడిగింది. తల దూరింది, భుజాలు కుదిరాయి. చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర ఆగిపోయింది. అమ్మ లాగింది, నేను తోశాను. వేళ్ళు నాలుగూ బయటికొచ్చాయి గానీ అరచెయ్యి రాలేదు. వెనకబెంచీల్లో కిసుక్కున నవ్వారు.

అమ్మ ముఖం ఎర్రబడింది. ఊళ్ళో సగం మందికి బట్టలు కుట్టే మనిషి, సొంత కూతురి చెయ్యి దూరని అంగీ పట్టుకొచ్చింది. మణికట్టు సన్నం, అరచెయ్యి వెడల్పు. పని నేర్చుకునే పిల్లకి మొదటి వారంలో చెప్పే సంగతి ఇది. నాకు నేల చీలి అందులోకి పోతే బావుండనిపించింది. నా కోసం కాదు, ఆమె కోసం.

అమ్మ తన సంచిలోంచి బ్లేడు తీసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తను అంత అందంగా వేసిన కుట్టుని రెండు చేతులకీ విప్పేసింది. అంగీ తొడిగింది. ఇప్పుడు చేతులు దూరాయి గానీ మోచేతి కింద గుడ్డ వేలాడుతోంది. హుక్కు పెట్టకూడదు. ఇక దారి ఒక్కటే. సూదిలో దారం ఎక్కించింది.

"కదలకు. మాట్లాడకు. గుచ్చుకుంటుంది" అని, నా ఒంటి మీదే చెయ్యి కుట్టడం మొదలుపెట్టింది.

పీరియడు వృథా కావడం ఎందుకని సారు రేడియోని తన భాగం చదువుతూ ఉండమన్నారు. వాడికి చెప్పాలా. గొంతు సవరించుకుని అందుకున్నాడు. కోట గోడలు పెళ్ళలు పెళ్ళలుగా రాలతాయన్నాడు. నేను కదల్లేదు. మీ ధాన్యం తొమ్మిది రోజులకి మించి రాదన్నాడు. అమ్మ ఊపిరి నా ముంజేతికి వెచ్చగా తగులుతోంది. పెద్ద పెద్ద కుట్లు, చకచకా, మోచేతి నుంచి కిందికి. రాయబారి గొంతు మార్చి, పిల్లవాడికి పట్టుపరుపు వేయిస్తామన్నాడు. అమ్మ ఎడమచేతి దారం తెంపి కుడిచేతికి వచ్చింది. వెనక నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు. సూది చర్మానికి వెంట్రుకవాసి దూరంలో నడుస్తుంటే ఎంత బెదిరించినా, ఎన్ని ఒట్లు వేసినా మనిషి నిలబడే ఉంటుంది, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ. రేడియో నలభయ్యో పంక్తి చదివి ఆగాడు. అమ్మ వంగి, నా కుడి మణికట్టు దగ్గర దారం పళ్ళతో కొరికి, గుడ్డని ఒకసారి తట్టింది.

"అయింది. ఇక వెళ్ళొచ్చు" అంది.

"బండి కట్టించు" అన్నాను నేను. నా వంతు కాబట్టి అన్నాను.

ఎవరూ నవ్వలేదు. సారు పక్కనున్న బెంచీ మీద పిల్లల మధ్య కూర్చుండిపోయారు. ఈ కుట్టు ఎంతసేపు ఆగుతుందని అమ్మని అడిగారు. సాయంత్రం దాకా ఆగుతుంది, విప్పాలంటే మళ్ళీ పీకెయ్యాల్సిందే అంది అమ్మ. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇలా కుట్టించుకుంటారా అని అడిగారు.

"ఇంట్లో ఎందుకు మాస్టారూ? ఇలా బిగించుకుని ఇంట్లో ఏం పని చేస్తారు? బయటికెళ్ళేటప్పుడే కుట్టించుకుంటారు" అంది అమ్మ. తర్వాత ఏదో తట్టినట్టు నా చేతుల వైపు చూసి, "ఆ బొమ్మ గీసినాయనకి కుట్టు బాగానే తెలుసు. నాకే తెలియలేదు" అంది.

సారు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళారు. మూడు వారాలుగా పైమూల ఉన్న ప్రశ్న చెరిపేశారు. "రాణి ఎప్పుడు నిర్ణయించుకుంది?" అని రాశారు. ఆ రోజు ఇంకేం పాఠం చెప్పలేదు.

ఇంటికి నడుస్తూ అమ్మ కథంతా అడిగింది. చెప్పాను. అంటే రాయబారి నోరు తెరవకముందే ఆవిడ తను వెళ్దామనుకుంది కదా అంది. అవునన్నాను. ఆ సాయంత్రం యూనిఫారాలు కుడుతూ, ఆ పుస్తకం మొదట్నుంచీ చదవమంది. మిషను చప్పుడుకి వినబడేలా గట్టిగా చదవాల్సి వచ్చేది. అర్థం కాని చోట మిషను ఆపి, మళ్ళీ చదివించుకునేది. నాలుగో రోజుకి నాన్న కూడా డ్యూటీ దిగి నేరుగా ముందుగదిలోకే రావడం మొదలుపెట్టాడు. సేనాపతి మాటలు నాన్నే చదివేవాడు, బస్సు బయల్దేరుతోంది ఎక్కండెక్కండి అన్న బాణీలో. అమ్మ నవ్వి నవ్వి కుట్టు వంకర పోయి పీకెయ్యాల్సి వచ్చేది. పద్యాలంటే బెంచీ గుర్తొచ్చే మనిషి, గుండీ కుడుతూ ఒక పద్యంలో సగం తనంతట తనే అంటుంటే విని నేను చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. ఆ వానాకాలం సాయంత్రాలు మా ఇంటికి సారు ఇచ్చిన కానుక. అంత మంచి రోజులని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

రెండో మిషను మాత్రం నూనె వేసుకుని సిద్ధంగానే ఉంది. దాని గురించి అమ్మా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పరీక్షలకి ముందు సారు వెళ్ళిపోయారు. ఆఖరి రోజు మమ్మల్ని ఒక్కటే కోరారు. పేపర్లు దిద్దేవాళ్ళ దగ్గర గైడు జవాబులే ఉంటాయి, రాణి ప్రశ్న వస్తే ముందు గైడులో ఉన్నది రాసెయ్యండి, మనం చూసింది కావాలంటే చివర్లో రెండు వాక్యాలు కలపండి అన్నారు. చెబుతున్నప్పుడు ఆయన మా ముఖాలు చూడలేదు. ఈసారి తప్పితే నా బడి ఆగిపోతుందని ఆయనకి తెలుసు. నా కోసమే అంటున్నారని నాకూ తెలుసు.

ప్రశ్న రానే వచ్చింది. రాయబారి ఎదుట రాణి మౌనానికి కారణమైన భయాన్ని వివరించండి. పది మార్కులు. గైడు జవాబు నాకు ఆ ఏడాదే మొదటిసారి కామాలతో సహా గుర్తుంది. పెన్ను పెట్టి "రాణి భయ" దాకా రాశాను. ఆపైన చెయ్యి కదల్లేదు. భయపడ్డ మనిషి అంత కదలకుండా నిలబడలేదని నాకు తెలుసు. నేను నిలబడ్డాను కదా. రాసింది కొట్టేశాను. అప్పట్లో అని మొదలుపెట్టి, అంగీ చేతులు ఎలా ఉండేవో, ఎందుకు ఒంటి మీదే కుట్టేవారో, ఎప్పుడు కుట్టించుకునేవారో, అంతసేపూ ఎందుకు మాట్లాడకూడదో, మూడు పేజీలు రాశాను. భయం అన్న మాట ఎక్కడా రాయలేదు.

ఇంటికొచ్చి బాగానే రాశానన్నాను. అంతకుమించి ఎవరికీ చెప్పలేదు.

ఫలితాలు వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. ముప్ఫై అయిదు రావాలి. నాకు ముప్ఫై ఒకటి. నోటీసు బోర్డు ముందు నిలబడి ఆ అంకె ఎన్నిసార్లు చూసినా అదే ఉంది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో కత్తెర ఆగింది, మళ్ళీ నడిచింది.

మాట మాటే. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, యూనిఫారం వేసుకోకుండా, రెండో మిషను ముందు కూర్చున్నాను. దారం ఎక్కించాను. ఎదురుగా నీలం గుడ్డ ముక్కలున్నాయి. ఒకటి తీసుకుని సూది కింద పెట్టాను. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ రాణి ప్రశ్న వచ్చిందా?" అని అడిగింది.

వచ్చిందన్నాను.

"ఏం రాశావు?"

చెప్పాను. అమ్మ వచ్చి బల్ల మీద ఆనుకుంది. గైడులో జవాబు నీకు రాదా అంది. వచ్చన్నాను. అది రాస్తే గట్టెక్కేదానివిగా అంది. అవునన్నాను. మరి మీ సారు అదే రాయమన్నారన్నావుగా అంది.

"నువ్వు కుడుతుంటే నేనే కదమ్మా అక్కడ నిలబడింది. భయం వెయ్యలేదని తెలిసి, వేసిందని ఎలా రాయను?"

అమ్మ నా భుజం పట్టుకుని లేపింది.

"లే. ఆ కుర్చీలో పని తెలిసినవాళ్ళు కూర్చోవాలి. వెళ్ళి యూనిఫారం వేసుకురా" అంది.

నేను వచ్చేసరికి అమ్మ కొట్టుకి తాళం వేస్తోంది. యూనిఫారాల సీజన్లో ఆమె పొద్దున్నే తాళం వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. బడికి వెళ్ళాం. హెడ్మిస్ట్రెస్ గదిలోకి అమ్మ అంతకుముందు ఎప్పుడూ అడుగుపెట్టలేదు. యూనిఫారాల పని ఇచ్చేది ఆవిడే అయినా, కట్టలు వరండాలోనే అప్పజెప్పి వచ్చేసేది. ఆ రోజు లోపలికి వెళ్ళి, మా అమ్మాయి పేపరు మళ్ళీ దిద్దించాలి, ఏం చెయ్యాలండీ అని అడిగింది.

హెడ్మిస్ట్రెస్ మంచి మనిషే. నాలుగు మార్కులు కలవడం కష్టమని, ఆశ పెట్టుకోవద్దని చెబుతూనే ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒకచోట, మళ్ళీ దిద్దమని కోరడానికి కారణం అని ఉంది. మార్కులు కూడడంలో పొరపాటు జరిగి ఉండొచ్చని రాయండి, అందరూ అదే రాస్తారు అన్నారు.

"అలా జరిగిందని మాకు తెలియదు కదండీ" అంది అమ్మ మెల్లిగా. "తెలియనిది ఎలా రాస్తాం?"

మరి ఏం రాస్తారని ఆవిడ అడిగారు. అమ్మ నా చేతికి పెన్ను ఇచ్చి, రాయి అంది.

"జవాబు సరైనదే. కుట్టి చూశాం."

హెడ్మిస్ట్రెస్ తలెత్తి అమ్మని చూశారు. వద్దనలేదు. నేను ఆ గడిలో ఆ రెండు వాక్యాలే రాశాను. అమ్మ కింద తన పేరు ఒక్కో అక్షరమే దిద్దినట్టు రాసి, ఫలితం వచ్చేదాకా మా అమ్మాయి పైతరగతిలో కూర్చుంటుందండీ అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. ఆవిడ సరేనన్నారు.

సారుకి జరిగిందంతా ఉత్తరం రాశాను. ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. ముందు నన్ను తిట్టారు. తర్వాత, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, ఆ పాఠం చెప్పింది ఆవిడే, నేను విన్నాను అని రాశారు. అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఈయనకి మొహమాటం ఎక్కువ అంది. కానీ ఆ రోజంతా ఎవరు కొట్టుకొచ్చినా నవ్వుతూనే మాట్లాడింది.

నెలన్నర తర్వాత పరీక్షల బోర్డు నుంచి కవరు వచ్చింది. ఏడు మార్కులు కలిపారు. ఏ పుణ్యాత్ముడో పుణ్యాత్మురాలో మూడు పేజీలూ ఓపిగ్గా చదివి ఉండాలి. ఎవరో నాకు తెలియదు. ఈ రోజుకీ మంచి జరిగినప్పుడల్లా ఆ తెలియని మనిషికి కూడా ఒక దణ్ణం పెట్టుకుంటాను.

కవరు పట్టుకుని పరిగెత్తుకుంటూ కొట్టులోకి వెళ్ళాను. అమ్మ కాగితం అందుకుని, నన్ను చదవనివ్వకుండా, వేలు పెట్టి తనే మొదట్నుంచి చివరిదాకా చదివింది. పెద్ద సంతకం కింద ఉన్న చిన్న అక్షరాలు కూడా వదల్లేదు. మడిచి నా చేతిలో పెట్టింది. నేను ఏదో గొప్ప మాట అంటుందని నిలబడ్డాను.

"ఈ ఏడు మీకు ఏ నాటకం?" అంది.

చెప్పాను. సముద్రం మీద ఓడలో జరిగే కథ అన్నాను.

"ఓడలో ఏం తొడుక్కునేవాళ్ళు?"

నాకు తెలియదన్నాను. అమ్మ స్టూలు నా వైపు జరిపింది.

"అయితే పుస్తకం తీసుకురా. చూద్దాం" అంది.